నాలుగో పిన్ను

జూన్ 2, సోమవారం

తొమ్మిదేళ్ళు అసిస్టెంట్‌గా ఇంకొకరి సినిమాలకి కత్తెర పట్టాను. 'ఎడిటర్' అన్న మాట పక్కన నా పేరు పడబోయే మొదటి సినిమా ఇది. థ్రిల్లర్. దర్శకుడికి కూడా ఇదే మొదటిది. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఏ షాటూ ఒక్క టేక్‌తో వదలడు కాబట్టి సెట్‌లో అందరూ అతనికి 'ఒన్‌మోర్' అని పేరు పెట్టారు. మొహం మీదే అలా పిలుస్తారు. పలుకుతాడు కూడా.

సినిమా మొత్తం ఒక దారికి వచ్చింది. ఓపెనింగ్ ఒక్కటే మొండికేస్తోంది.

సీన్ చెప్పడానికి నాలుగు ముక్కలు. మధ్యాహ్నం, మూడో అంతస్తు. మూసి ఉన్న ఫ్లాట్ తలుపు ముందు ఒకావిడ నిలబడి ఉంటుంది. తాళంచెవి పారేసుకున్నానని తాళాలు తీసే అతన్ని పిలిపించింది. అతను మోకాళ్ళ మీద కూర్చుని తాళంతో కుస్తీ పడతాడు. తలుపు తెరుచుకుంటుంది. ఆవిడ థాంక్స్ చెప్పి, లోపలికి వెళ్ళకుండా మెట్లు దిగి వెళ్ళిపోతుంది. తెరిచిన తలుపు ముందు అతనొక్కడే మిగులుతాడు. లోపల ఎవరో కుళాయి కట్టేసిన చప్పుడు. టైటిల్.

మొదటిసారి చదివినప్పుడు నా ఒళ్ళు జలదరించింది. ఇప్పటికి ఒక మూడొందలసార్లు చూసుంటాను. భయం సంగతి దేవుడెరుగు, ఆవులింతలు వస్తున్నాయి. నాకే రాని భయం ఊళ్ళోవాళ్ళకి ఎలా తెప్పిస్తానో తెలియడం లేదు.

జూన్ 3, మంగళవారం

ఆ తొమ్మిదేళ్ళలో గురువుగారి దగ్గర నేర్చుకున్న పద్ధతి ఒకటుంది. ఆయన 'కొత్త కళ్ళు' అనేవారు. కథ ముక్క కూడా తెలియని మనిషిని తెచ్చి కూర్చోబెట్టాలి. తెరని కాదు, ఆ మనిషిని చూడాలి. ఎక్కడ కదిలాడు, ఎక్కడ కదలడం మానేశాడు, రాసుకోవాలి. అయితే ఒక్కొక్క మనిషి ఒక్కసారే పనికొస్తాడు. తలుపు వెనక ఎవరో ఉన్నారని తెలిశాక ఆ కళ్ళు చెల్లిపోయినట్టే. అందుకని పొదుపుగా వాడుకోమనేవారు.

మా ఆయన కళ్ళు ఎప్పుడో చెల్లిపోయాయి. నేను స్నానానికి వెళ్ళినప్పుడు స్క్రిప్టు తీసి ఆసాంతం చదివేసి, క్లైమాక్స్ బాగుంది అన్నారు. రెండు రోజులు మాట్లాడలేదు నేను.

మిగిలింది నలుగురు. మా తమ్ముడు. మా కింద వాటాలో ఉండే పళ్ళ డాక్టరమ్మ. స్టూడియో టైలరు. అత్తయ్య.

అత్తయ్య చివర. ఆవిడ ఏ థ్రిల్లర్ అయినా ఐదు నిమిషాల్లో హంతకుడెవరో చెప్పేసి, వత్తులు చేసుకుంటూ కూర్చునే మనిషి. ఆ కళ్ళని ఊరికే ఖర్చు చెయ్యను.

జూన్ 4, బుధవారం

తమ్ముడొచ్చాడు, చిప్స్ పొట్లంతో సహా. ఎడిట్ రూమ్‌లో తినకూడదంటే వినలేదు. రెండో నిమిషంలో వాడి చెయ్యి పొట్లంలోకి వెళ్ళింది. టైటిల్ పడేదాకా బయటికి రాలేదు!

చివర్లో ఊపిరి వదిలి, అక్కా ఇంతకీ లోపల ఎవరే, అన్నాడు. చెప్తే ఎలా రా, అన్నాను.

జూన్ 5, గురువారం

పళ్ళ డాక్టరమ్మ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. మా పేషెంట్లు ఇలాగే పట్టుకుంటారమ్మా, ఇప్పుడర్థమైంది వాళ్ళ బాధ, అంది.

జూన్ 6, శుక్రవారం

టైలరు మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ చుట్టుకుంటూ, వేలు కందిపోయేదాకా చుట్టుకున్నాడు. ఆరు నిమిషాలు దాటుతుంటే ఇంక నా వల్ల కాలేదు మేడం, ఏడులోపల ఏదో అయిపోద్దని తెలుసు, అన్నాడు. అంత కచ్చితంగా టైము పట్టేశాడేమిటి అని ఆశ్చర్యపోయాను. బట్టలు కొలిచే మనిషి కదా, లెక్క ఉంటుందిలే అనుకున్నాను.

ముగ్గురికి ముగ్గురూ. తొంభై నాలుగు కట్‌లు పెట్టాను ఈ ఆరు నిమిషాల్లో. చేతి క్లోజప్, కన్ను, మెట్లు, మళ్ళీ చెయ్యి, తాళం కన్నం. ఎక్కడా ఊపిరాడనివ్వలేదు.

జూన్ 7, శనివారం

నేను మామూలుదాన్ని కాదు.

జూన్ 9, సోమవారం, సాయంత్రం 4

కొంప మునిగింది.

నిర్మాత గారి కోసం క్లీన్ కాపీ తీసి వేశాం. ఆయన మూడో సెకనులో ఒక ఫోన్ ఎత్తారు. రెండో నిమిషంలో ఇంకొకటి. నాలుగో నిమిషంలో కాఫీలో చక్కెర తక్కువైందని అన్నారు. తలుపు తెరుచుకునే సమయానికి ఫోన్‌లో ఎవరికో ఫలానా చోట ఎడమకి తిరగమని దారి చెప్తున్నారు. లోపల కుళాయి కట్టేసిన చప్పుడు ఆయన చెవిన పడనే లేదు.

లైట్లు వెలిగాక, అయిపోయిందా, అన్నారు.

తర్వాత ఒక్కొక్కటిగా దింపారు. శవం ఏదమ్మా? థ్రిల్లర్ అన్నాక మొదటి నిమిషంలో శవం కనబడాలి. సీన్ నలభై ఒకటిలో చక్కటి శవం ఉంది కదా, దాన్ని తెచ్చి ముందు పెట్టండి, 'మూడు రోజుల క్రితం' అని వెయ్యండి, అయిపోద్ది. నేను, తలుపు తెరవకముందే లోపల ఏముందో చూపించేస్తే ఇంక తలుపెందుకండీ అన్నాను. ఆయన నా వైపు చూసి, తలుపు కోసం ఎవరూ టికెట్ కొనరమ్మా, అన్నారు.

పదిహేడో తారీఖున సినిమా కొనేవాళ్ళు వస్తున్నారు. అప్పటికి ఇది ఒక దారికి రాకపోతే ఓపెనింగ్ గురువుగారి చేతికి వెళ్తుంది. శవం ఆయన ఎలా పెట్టాలో అలా పెడతారట. నా పేరు ఆయన పేరు కింద, చిన్న అక్షరాల్లో ఉంటుందట. ఇదంతా నాకు మంచి చేస్తున్నట్టే చెప్పారు.

ముగ్గురు మనుషులు బిగుసుకుపోయి చూసినదాన్ని ఈయన ఆవులిస్తూ చూశారంటే తప్పు ఈయనలో ఉండాలి. అలా అనుకునే ఇంటికి బయల్దేరాను. సగం దారిలో ఆ మాట మీద నాకే నమ్మకం పోయింది.

జూన్ 10, మంగళవారం, ఉదయం 11

తమ్ముణ్ణి మళ్ళీ లాక్కొచ్చాను. చెల్లిన కళ్ళే, అయినా ఫర్వాలేదు. నిన్నటి క్లీన్ కాపీ వేశాను. ఈసారి చిప్స్ అయిపోగొట్టాడు.

అక్కా, ఆ అంకెలేవీ, అన్నాడు.

ఏ అంకెలు అన్నాను.

కింద మూలన పరిగెడుతుంటాయి కదా, అవి. మొన్న ఉన్నాయి, ఇవాళ లేవు. నేను బాంబు లెక్క అనుకున్నా. ఏడు దగ్గర పేలుద్దని వాటినే చూస్తూ కూర్చున్నా, అన్నాడు.

టైమ్‌కోడ్! మేం పని చేసుకునే కాపీలో కింది మూలన నిమిషాలు, సెకన్లు, ఫ్రేములు పరిగెడుతూ ఉంటాయి, ఏ షాట్ ఎక్కడుందో తెలియడానికి. మాకు అవి కనబడటం మానేసి ఏళ్ళయింది, కళ్ళజోడు పెట్టుకున్నవాళ్ళకి దాని అంచు కనబడనట్టు. క్లీన్ కాపీలో అవి ఉండవు. ఆ ముగ్గురికీ కనబడ్డది అవే. వాళ్ళు నా తొంభై నాలుగు కట్‌లు చూడలేదు. మూలన తిరిగే గడియారాన్ని చూశారు.

ఇన్నాళ్ళు ఈ పనిలో ఉండి ఇంత చిన్న విషయం తట్టలేదు నాకు. డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగితే, అవునమ్మా, ఆ నంబర్లు భలే పెట్టారు, అంది. టైలర్ని అడిగే ధైర్యం లేకపోయింది.

సిగ్గుతో చచ్చిపోయాను. శనివారం నాటి పేజీ చింపేద్దామనుకున్నాను. చింపలేదు. ఉండనీ, బుద్ధొస్తుంది.

జూన్ 11, బుధవారం

మధ్యాహ్నం గురువుగారే ఫోన్ చేశారు. నిర్మాత అడిగాడు, సరేనన్నాను, నీ దగ్గర దాచడం నాకిష్టం లేదు, అన్నారు. మంచిదండీ అన్నాను. నేను కాకపోతే ఇంకొకడు వస్తాడమ్మా, అన్నారు. అదీ నిజమేనండీ అన్నాను. ఆయన గొంతులో మొహమాటం వినబడింది. నాది నాకు వినబడలేదు.

ఫోన్ పెట్టేసి ఐదు నిమిషాలు ఏడ్చాను. ఆయన మీద కోపం కాదు. ఆయన చేస్తే బాగానే ఉంటుంది, అదే నా ఏడుపు. మొహం కడుక్కుని మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను.

ఒన్‌మోర్ ఊరికే ఉండడు కదా. మెట్ల దగ్గర గోడకి ఒక గడియారం తగిలిద్దాం, ఒక్క షాట్ మళ్ళీ తీసుకొస్తా, అన్నాడు. మూడో అంతస్తు మెట్ల దగ్గర గడియారం ఎవరు పెట్టుకుంటారు అన్నాను. అయితే టిక్‌టిక్ సౌండ్ వేద్దాం అన్నాడు. మ్యూజిక్ దంచుదాం అన్నాడు. ఒక పాత డ్రమ్స్ ముక్క వేసి చూశాం. బాగానే ఉంది. మ్యూట్ చేస్తే మళ్ళీ చచ్చిన చేపే. సౌండుతో లేపి కూర్చోబెట్టినంత మాత్రాన సీన్ బతికినట్టు కాదు. తీసేశాను.

ఒకటి మాత్రం తేలింది. ఆ అంకెలు మోసమే కావచ్చు, కానీ చూసేవాళ్ళకి ఏం కావాలో చెప్పాయి. ఇంకా ఎంత మిగిలిందో వాళ్ళకి తెలియాలి. ఏం జరుగుతుందో తెలియక్కర్లేదు. ఎప్పుడో మాత్రం తెలియాలి.

పదిహేడు దాకా ఆరు రోజులు. తాడో పేడో తేల్చుకుంటాను.

జూన్ 12, గురువారం, ఉదయం 10.30

కళ్ళు పనికిరాకపోతే చెవులున్నాయి కదా అనుకున్నాను. మానిటర్ ఆపేసి, షూటింగ్‌లో రికార్డయిన సౌండ్ మొత్తం ఒక్కొక్క టేకూ వింటున్నాను. ఒన్‌మోర్ పుణ్యమా అని తాళం తీసే షాటుకే పద్నాలుగు టేక్‌లు. ప్రతిదాని చివరా అతని గొంతు, ఇంకొక్కటి, ఇంకొక్కటే అంటూ.

మధ్యాహ్నం 12

దొరికింది.

మూడో టేక్. కెమెరా పక్కన ఎవరో గుసగుసగా లెక్కపెడుతున్నారు. ఒకటి. కాసేపు గీరుతున్న చప్పుడు. టక్. రెండు. మళ్ళీ గీరుడు. టక్. మూడు. ఎవరా అని ఒన్‌మోర్‌ని అడిగితే, నటుడికి తాళం తీయడం నేర్పడానికి ఒక నిజం తాళాలాయన్ని తెచ్చాం, ఆయన పక్కనుంచి అందిస్తూ ఉన్నాడు, సౌండ్ పాడైందని ఆ టేక్ పక్కన పెట్టేశాం, అన్నాడు.

నాలుగోది ఎంతకీ పడలేదు. గీరుతున్నాడు, ఆపాడు, మళ్ళీ గీరుతున్నాడు. కళ్ళు మూసుకుని వింటున్నాను. చేతిలో పెన్ను గాల్లో ఉండిపోయింది. భయం కాదు, కానీ ఎదురుచూస్తున్నాను. మూడొందలసార్లు చూసినదాన్ని!

అదే టేక్ మొదట్లో నటుడు సొంతంగా ఒక మాట అన్నాడు. స్క్రిప్టులో లేదు. ఆవిడ ఎంతసేపు పడుతుంది అంటే, లోపల ఐదు పిన్నులుంటాయండీ, ఐదూ లేస్తే వచ్చేస్తుంది, అన్నాడు. తాళాలాయన దగ్గర విన్నదే అయ్యుంటుంది.

అంతే. మూలన అంకెలు అక్కర్లేదు.

జూన్ 13, శుక్రవారం

ఆ తాళాలాయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. జిరాక్స్ షాపుకీ బస్టాపుకీ మధ్య పెట్టెంత కొట్టు. గోడంతా మేకులు, మేకులకి తాళంచెవులు. అరవై దాటిన మనిషి. సినిమావాళ్ళంటే ఆయనకి పెద్ద గౌరవమేం లేదు. ఆ రోజు పద్నాలుగుసార్లు తీసిన తాళమే తీయించారమ్మా, పిచ్చోళ్ళా ఏంటి, అన్నాడు.

లాప్‌టాప్‌లో నా తొంభై నాలుగు కట్‌ల వెర్షన్ చూపించాను. గడ్డం గోక్కుంటూ చూశాడు. చివర నవ్వాడు. తలుపెలా తెరుచుకుందమ్మా, రెండు పిన్నులు మింగేశారు కదా, అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయన వెనక్కి తిప్పించి వేలితో చూపించాడు. ఇక్కడ ఒకటి లేచింది. ఇక్కడ రెండు. ఇక్కడ మూడు. వెంటనే తలుపు. మిగతా రెండూ ఎవరు తీశారు, మీ అమ్మమ్మా, అన్నాడు.

స్పీడ్ కోసం నేనే తీసేశాను వాటిని. చెయ్యి, కన్ను, మెట్లు, చెయ్యి అని ముక్కలు చేసుకుంటూ పోయి అసలు తాళాన్నే పారేశాను. తాళం ఎంతవరకు వచ్చిందో చూసేవాళ్ళకి తెలియకపోతే దేనికోసం ఎదురుచూస్తారు?

నాలుగోది ఎందుకంత సేపు పట్టింది అని అడిగాను. నాలుగోది ఎప్పుడూ అంతేనమ్మా, అది లేపుతుంటే ముందు మూడూ జారిపోతాయేమోనని చెయ్యి వణుకుద్ది, అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. తాళం తీయించుకునేవాళ్ళు మొదటినుంచీ వాగుతూనే ఉంటారట, త్వరగా కానీ, త్వరగా కానీ అని. నాలుగోది లేచిన చప్పుడు వినగానే ఎంత వాగుడుకాయ అయినా నోరు మూసుకుంటారట. నా చేతివైపు చూడటం మానేసి తలుపు వైపు చూస్తారు, అన్నాడు. ఎందుకు అన్నాను. అప్పటిదాకా తెరుచుకుంటే చాలనుకుంటారమ్మా, లోపల ఏముందో అప్పుడు గుర్తొస్తుంది, అన్నాడు.

బస్సులో వస్తూ ఇదంతా మర్చిపోకుండా చేతి మీద రాసుకున్నాను.

జూన్ 14, శనివారం

పొద్దున ఎనిమిదింటి నుంచి కూర్చున్నాను. తొంభై నాలుగు కట్‌లూ తీసి పక్కన పెట్టాను. ఒక్కొక్కటీ ఎంత కష్టపడి పెట్టానో నాకు తెలుసు.

మూడో టేక్ నాలుగు నిమిషాల ముక్క, కత్తెర పెట్టకుండా మొత్తం వేశాను. ముందు ఐదు పిన్నుల మాట. తర్వాత టక్. టక్. టక్. తాళాలాయన గుసగుస చెరిపేయడానికి సౌండ్ అబ్బాయిని బతిమాలాను, రెండు గంటలు కూర్చుని చేసిపెట్టాడు. నాలుగో పిన్ను దగ్గర మాత్రం కట్ చేసి ఆవిడ మొహం వెయ్యాలి. ఏ టేక్‌లోనూ దొరకలేదు. అన్నిట్లోనూ నటిస్తోంది. చివరికి ఏడో టేక్‌లో, ఒన్‌మోర్ కట్ చెప్పేశాక, కెమెరా ఇంకా ఆగకముందు, ఆవిడ పని అయిపోయిందనుకుని ఊరికే తలుపు వైపు చూసింది. ఆ చూపులో ఏమీ లేదు. అదే దొంగిలించాను.

ఇప్పుడు పదకొండు కట్‌లు. మానిటర్ మీద టైమ్‌కోడ్‌కి నల్ల టేపు అంటించాను.

జూన్ 15, ఆదివారం, ఉదయం

అత్తయ్యని స్టూడియోకి తీసుకెళ్ళాను. మంచి చీర కట్టుకుంది. ఏసీ ఎక్కువైందంది. కుర్చీ తిరుగుతోందంది. కూర్చోగానే మొదలెట్టింది. ఈ తాళాలవాడు మంచివాడు కాదు, వాడి చూపు చూడు. ఇల్లు ఆవిడది కాదు, నాకు తెలుసు, లేకపోతే పక్కింటివాళ్ళని అడగదూ? ఐదంటున్నాడు, ఐదూ తీస్తాడా వీడు? ఒకటయింది. ఏం లాభం, ఇంకా నాలుగున్నాయి.

మూడోదాకా ఆపలేదు.

నాలుగోదానికి నోరు మూసుకుంది. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గడియారం చూశాను. ఒక నిమిషం పది సెకన్లు మాట్లాడలేదు అత్తయ్య. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చాక ఇంతసేపు నేనెప్పుడూ చూడలేదు!

తలుపు తెరుచుకుంది. ఆవిడ మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి చిన్నగా నవ్వింది. అత్తయ్య వెంటనే చెంగు తీసేసి, ఓస్ ఇంతేనా, ఇదే విలన్, వీణ్ణి ఇరికించింది, అని వెనక్కి వాలిపోయింది. కుళాయి చప్పుడు వచ్చినా ఉలిక్కిపడలేదు.

ఆ నవ్వు మా అందరికీ ప్రాణం. ఒన్‌మోర్ దానికోసం పంతొమ్మిది టేక్‌లు తీశాడు. పోస్టరు కూడా దానితోనే వేద్దామంటున్నాడు.

సాయంత్రం

ఇంటికొచ్చినప్పటి నుంచి అత్తయ్య నా వెనకే తిరుగుతోంది. లోపల ఎవరో చెప్పమంటుంది. చెప్పలేనండీ అంటే, ఇంట్లోవాళ్ళ దగ్గర కూడానా అని మూతి ముడుచుకుంది. విలన్ని పట్టేశారు కదా అన్నాను. అది సరేలే, కుళాయి కట్టింది ఎవరు అమ్మాయ్, అంది.

ఆ ప్రశ్న ఒక్కటే మిగలాలి. నవ్వు తీసేయాలి.

జూన్ 16, సోమవారం

ఒన్‌మోర్‌తో పెద్ద గొడవ. నవ్వు తీస్తే నా గుండె తీసినట్టే అన్నాడు. మీ గుండె అక్కడ పెట్టుకుని కూర్చుంటే ప్రేక్షకుల గుండె ఎక్కడ ఆడాలి అన్నాను. కాస్త ఎక్కువే అన్నాను. తలుపు దబేలున వేసుకుని వెళ్ళిపోయాడు.

గంట తర్వాత వచ్చాడు, మొహం మాడ్చుకుని. నవ్వుతో ఒకసారి, లేకుండా ఒకసారి వెయ్యమన్నాడు. వేశాను. లేకుండా ఇంకొక్కసారి అన్నాడు. వేశాను. ఇంకొక్కటి అన్నాడు. నాకు నవ్వొచ్చింది, అతనికీ వచ్చింది. ఆవిడ వెళ్ళిపోతుంటే, ఎందుకు వెళ్తోందో నాకే తెలియనట్టుంది, అన్నాడు. రాసింది తనే.

నవ్వు తీసేశాం. రేపు పదకొండింటికి.

జూన్ 17, మంగళవారం, మధ్యాహ్నం 2

వరసగా రాస్తాను.

ప్రివ్యూ హాల్లో కొనేవాళ్ళు ముగ్గురు, నిర్మాత గారు, ఒన్‌మోర్, నేను. పదకొండుకి ఒక నిమిషం ముందు గురువుగారు వచ్చి నా వెనక వరసలో కూర్చున్నారు. నమస్కారం పెట్టాను. శవం పెట్టలేదని నిర్మాత గారికి ఇంకా చెప్పలేదు. చెప్తే వెయ్యనివ్వరు.

లైట్లు ఆరాయి. ఐదు పిన్నుల మాట అయింది. ఒకటి. రెండు. నిర్మాత గారు ఒక ఫోన్ ఎత్తి, మీటింగ్‌లో ఉన్నా అని పెట్టేశారు. మూడు. ఒకతను కాలు ఊపడం ఆపాడు. ఇద్దరు ముందుకి వంగారు.

నాలుగో పిన్ను దగ్గర నిర్మాత గారి ఫోన్ మళ్ళీ మోగింది. సొంత పెళ్ళిలో కూడా ఫోన్ ఎత్తాడని ఆయన గురించి చెప్పుకుంటారు. ఆయన దాన్ని చూడకుండానే చేత్తో నొక్కి పట్టుకున్నారు, పిల్లాడి నోరు మూసినట్టు. అది ఆయన గుప్పిట్లో కొట్టుకుంటూనే ఉంది.

తలుపు. ఆవిడ వెళ్ళిపోయింది. కుళాయి. టైటిల్. ఎవరూ కదల్లేదు. ముగ్గురిలో పెద్దాయన, ఆపకండి, తర్వాతది వెయ్యండి, అన్నాడు.

సినిమా మొత్తం అయ్యాక నిర్మాత గారు గురువుగారి దగ్గరికి వెళ్ళారు. నేను తల వంచుకుని వైరు చుడుతున్నాను, చెవులు అక్కడే ఉన్నాయి. శవం ముందు పెడితే ఇంకా బాగుంటుంది కదా సార్, అన్నారు నిర్మాత గారు. నువ్వు ఫోన్ ఎందుకు ఎత్తలేదయ్యా, అన్నారు గురువుగారు. ఆయన ఏదో గొణిగారు. నన్ను తీయమంటే ఆ ఐదు పిన్నుల్లో ఏది తీయాలో నువ్వే చెప్పు, నాకు తెలియడం లేదు, అన్నారు గురువుగారు.

వెళ్తూ నా దగ్గర ఆగారు. నాలుగోది ఒక ఎనిమిది ఫ్రేములు ఎక్కువుందేమో చూడు, అన్నారు.

చూశాను. ఎనిమిది ఎక్కువే. తీసేశాను.

జూన్ 18, బుధవారం

శవం సీన్ నలభై ఒకటిలోనే ఉంటుంది. నిర్మాత గారు ఇది మొదటినుంచీ తన ఆలోచనే అన్నట్టు మాట్లాడుతున్నారు. మాట్లాడుకోనీ.

అక్టోబర్ 17, శుక్రవారం

మొదటి ఆట. చివరి వరసలో, నా పక్క సీట్లో ఎవరో అమ్మాయి. నాలుగో పిన్ను దగ్గర చీకట్లో నా చెయ్యి పట్టుకుంది. అటు పక్కన ఉన్న స్నేహితురాలి చెయ్యనుకున్నట్టుంది. గోళ్ళు దిగుతున్నాయి. తడిగా, చల్లగా ఉంది ఆ చెయ్యి. నేను లాక్కోలేదు. కుళాయి చప్పుడు ఎప్పుడొస్తుందో ఫ్రేముతో సహా తెలిసినదాన్ని, ఉలిక్కిపడ్డాను.

నా పేరు పడిందట. మా ఆయన చెప్పారు. నేనప్పుడు నా చెయ్యీ ఆ అమ్మాయి చెయ్యీ చూస్తున్నాను.